పదకొండు పలకలు

పదవీ విరమణ చేసిన రెండేళ్ళకు, 2001 ఎండాకాలంలో, నేను ఐదో తరగతి దాకా చదివిన బడికి ఒక ఉత్తరం రాశాను. మా ఊరు నల్లమాడకు నాలుగు మైళ్ళ దూరం. హైస్కూలు చదువు కోసం పదకొండో ఏట ఊరు వదిలినవాణ్ణి మళ్ళీ అక్కడ స్థిరంగా ఉన్నది లేదు. మా నాయన పోయాక చేను కూడా అమ్మేశాం. ఇక ఆ వైపు పోవలసిన పని లేకపోయింది. రెవెన్యూ శాఖలో గుమాస్తాగా చేరి, డిప్యూటీ తహసీల్దారుగా దిగిపోయి, అనంతపురంలో ఇల్లు కట్టుకున్నాను. పొద్దున లేస్తే చేయడానికి ఏమీ లేని రోజులవి. బడిని ఒకసారి చూడాలని ఉందనీ, పాత అడ్మిషన్ రిజిస్టరులో నా పేరున్న పేజీ చూపిస్తే సంతోషిస్తాననీ ప్రధానోపాధ్యాయుల పేర రాశాను.

వారం లోపలే జవాబు వచ్చింది. రాసింది తాడిపత్రి వైపు నుంచి కొత్తగా వచ్చిన ఒక టీచరమ్మ. ఆ బడికి పెద్ద పంతులైనా చిన్న పంతులైనా ఆమె ఒక్కతే. నా చేతిరాత చూసి ముచ్చటపడ్డానని మొదటి వాక్యంలోనే రాసింది. జూన్‌లో బడి తెరిచే రోజున పదకొండు మంది పిల్లలు ఒకటో తరగతిలో చేరుతున్నారనీ, వాళ్ళ చేత తొలి అక్షరం మీరే దిద్దిస్తే బాగుంటుందనీ, తప్పకుండా రమ్మనీ అడిగింది.

ఆ ఉత్తరాన్ని ఆనాటి డైరీ పేజీకి అతికించాను. పద్దెనిమిదో ఏట నుంచి నాకు డైరీ రాసే అలవాటు. రోజుకు ఐదు శీర్షికలు: వాతావరణం, ఆరోగ్యం, చేసిన పని, కలిసినవారు, ఇతరములు. ఉద్యోగం అయిపోయినప్పటి నుంచి 'చేసిన పని' ఎదురుగా చాలా రోజులు 'విశేషము లేదు' అనే రాయవలసి వచ్చేది. ఆ రెండు మాటలు రాసేటప్పుడు చెయ్యి ఎంత బరువుగా ఉండేదో నాకు తెలుసు. నా చేతిరాత ఆఫీసులో పేరు పడ్డది. కలెక్టరు దగ్గరికి పోయే ముఖ్యమైన కాగితాలను ఎవరు రాసినా చివరికి నా దగ్గరికే తెచ్చి సాపు రాయించేవాళ్ళు. ఆ చేత్తో నేను కూర్చున్న బడిలోనే పదకొండు మంది పసిపిల్లల చెయ్యి పట్టి అక్షరం దిద్దించడం కంటే మంచి పని ఇంకేముంటుంది? ఆ రోజు పేజీ ఎలా ఉండాలో ముందుగానే మనసులో రాసుకున్నాను.

అనంతపురం పాతూరులో మూడు అంగళ్ళు తిరిగి పదకొండు రాతి పలకలు కొన్నాను. రెండు అంగళ్ళలో ప్లాస్టిక్ పలకలే ఉన్నాయి. అవి నాకు నచ్చలేదు. ఇంటికి వచ్చాక ప్రతి పలకనూ తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టి, కింది భాగాన బలపంతో ఒక చిన్న గీత గీశాను, అక్షరం వంకర పోకుండా. మా ఆవిడ చూసి, పెళ్ళిచూపులకు కూడా ఇంత తయారీ చేయలేదే అంది.

బడి తెరిచే రోజు తెల్లవారకముందే కదిరి బస్సెక్కి, అక్కడి నుంచి నల్లమాడ చేరి, ఆటోలో ఊళ్ళోకి వెళ్ళాను. పలకల మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఆటో దిగి బడి వైపు నడుస్తూ ఉంటే బిందె ఎత్తుకుని ఎదురొచ్చిన ఒకావిడ నా ఇస్త్రీ చొక్కానూ, జేబులోని రెండు పెన్నులనూ చూసి ఆగింది. "మళ్ళా జనాభా లెక్కలకు వచ్చినావా సారూ? మొన్ననే కదా రాసుకొని పోయినారు," అంది. నేను ఈ ఊరివాణ్ణేనని చెప్పాను. మా నాయన పేరు చెప్పాను. ఆమె తెలియదని తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయింది.

బడిలో మేం కూర్చున్న బండల మిద్దె అలాగే ఉంది. దాని పక్కన సిమెంటు గది ఒకటి కొత్తగా లేచింది. మిద్దెలో నేను కూర్చునే మూలలో ఇప్పుడు పిల్లలకు పంచే బియ్యం మూటలున్నాయి. గోడకు నల్లబోర్డు పూసిన చోటు మాత్రం మారలేదు. టీచరమ్మ ఎదురొచ్చి నమస్కారం పెట్టి, లోపల కుర్చీ వేసి కూర్చోబెట్టింది. బీరువాలోంచి పాత రిజిస్టరు తీసి, నా పేరున్న పేజీలో చీటీ పెట్టి ఉంచింది. ఆ పేజీలో నా పేరుకు రెండు వరుసల కింద ఇంకో పేరు ఉంది. నాలుగో తరగతిలో బడి మానేసినట్టు దాని పక్కన రాసి ఉంది. ఆ పేరు గల మనిషి ఆ సమయానికి బయట అరుగు మీద పిల్లల తల్లులతో మాట్లాడుతూ నవ్వుతున్నాడు.

అతనూ నేనూ ఒకే రోజు బడిలో చేరాం. ఆ కాలంలో మా బడిలో ఒక పద్ధతి ఉండేది. అయ్యవారు అడిగిన ఎక్కం ఒకరికి రాకపోతే, వచ్చినవాడు లేచి, రానివాడి ముక్కు ఎడమ చేత్తో పట్టుకుని కుడిచేత్తో చెంప మీద కొట్టాలి. నాకు ఎక్కాలన్నీ వచ్చు. అతనికి ఐదో ఎక్కం దాటితే రాదు. నాలుగేళ్ళలో నేను ఆ ముక్కు ఎన్నిసార్లు పట్టుకున్నానో లెక్కలేదు. కొట్టించుకుని అతను ఏడ్చేవాడు కాదు. బడి వదలగానే పిల్లలంతా అతని వెంట పోయేవాళ్ళు. వాన నీళ్ళు పారే వంకలో ఆడుకోవడానికి పోతే అతను ముందు, వాళ్ళు వెనక. నేను చెంప పగలగొట్టినవాడి వెంట ఊరంతా ఎందుకు పోతుందో నాకు అప్పుడూ అర్థం కాలేదు. గొర్రెల వెంట పోవడానికి అతను బడి మానేసిన రోజు నేను సంతోషించాను. ఆ మాట రాసుకోవడానికి అప్పటికి నాకు డైరీ లేదు.

రిజిస్టరు చూసి నేను బయటికి రాగానే అరుగు మీద నుంచే పిలిచాడు. "ఏమప్పా, నా ముక్కు గుర్తుపట్టినావా? నువ్వు లాగి లాగి ఇంత పొడుగు చేసినావు."

అక్కడున్న ఆడవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. అరవై ఏళ్ళకు కూడా అతని తల నిండా జుట్టుంది. చేతులు ఎండిన చింతమానులా గట్టిగా ఉన్నాయి. అతని మనవరాళ్ళు ఆ బడిలోనే చదువుతున్నారనీ, ఊరివాళ్ళు అతన్నే విద్యా కమిటీకి చైర్మన్‌గా ఎన్నుకున్నారనీ టీచరమ్మ చెప్పింది. ముప్పై ఆరేళ్ళ ఉద్యోగంలో నేను ఏ కమిటీకీ చైర్మన్ కాలేదు. కమిటీల తీర్మానాలు సాపు రాశానంతే.

టీచరమ్మ చాప పరిచి, పలకలు వరుసగా పెట్టి, పసుపు కుంకుమ తెచ్చి, సారు అక్షరం దిద్దిస్తారు రండమ్మా అని పిలిచింది. తల్లులు కదలలేదు. ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. వాళ్ళలో కొంచెం ధైర్యంగలావిడ ముందుకొచ్చి టీచరమ్మతో మెల్లగా ఏదో చెప్పింది. టీచరమ్మ కాదనబోయింది. అప్పుడు ఆవిడ అందరికీ వినపడేట్టు అంది.

"రాత నువ్వెట్లాగూ నేర్పుతావు కదా టీచరమ్మా. మొదలుపెట్టేది మాత్రం మా చైర్మనప్ప పెట్టల్ల. ఆయప్ప చెయ్యి మంచిది."

చెయ్యి మంచిదన్న మాట మా ప్రాంతంలో చిన్నది కాదు. వాన పడి శనక్కాయ విత్తేటప్పుడు, తొలి సాలులో తొలి పిడికెడు గింజలు మంచి చెయ్యిగలవాడి చేత వేయిస్తారు. విత్తే గొర్రు కట్టి, ఎద్దులను నిలబెట్టి, ఆ మనిషి వచ్చేదాకా కాచుకుని ఉంటారు. అతను వచ్చి గింజలు వేసి ఎద్దులను నాలుగడుగులు నడిపించి పోతే, మిగిలిన చేనంతా ఎవరైనా విత్తుకోవచ్చు. ఎప్పుడో ఒక కరువు ఏడాది అతను మొదలుపెట్టిన రెండు చేలు మాత్రం పండాయట. అప్పటి నుంచి ఊళ్ళో తొలి పిడికెడు అతనిదే. ఇప్పుడు పిల్లల చదువుకూ అదే లెక్క పెట్టుకున్నారు. అక్షరం కూడా విత్తనమే అన్నట్టు.

అంత మంచి చెయ్యి అయితే అతని సొంత చేను ఎన్నిసార్లు ఎండలేదని నేను ఆవిడను అడిగాను. గొంతు మామూలుగానే ఉంచాననుకుంటాను.

"ఆయప్ప చెయ్యి పరాయోళ్ళకే పనిచేస్తాది సారూ, సొంతానికి కాదు," అందామె, నాకు ఆ మాత్రం తెలియదా అన్నట్టు.

అతను వద్దన్నాడు. సంతకం పెట్టేదానికే తనకు అరగంట పడుతుందనీ, అంత దూరం నుంచి పెద్దాఫీసరు వచ్చి కూర్చుంటే తాను దిద్దించడమేమిటనీ అన్నాడు. వాళ్ళు వినలేదు. ఒక్కొక్కరే పిల్లల్ని తెచ్చి అతని ముందు నిలబెట్టారు. చివరికి టీచరమ్మ, ఇద్దరూ దిద్దించండి సార్ అని చాపకు రెండో చివర నన్ను కూర్చోబెట్టింది. నేను కొన్న పలకల్లో పది అతని వైపుకు పోయాయి. ఒకటి నా ముందు మిగిలింది.

అతను దిద్దించే తీరు చూశాను. 'అ' రాసేటప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలో కూడా అతనికి సరిగా తెలియదు. ఒక్కో పలక మీద ఒక్కో రకం వచ్చింది. నేను గీసిన గీత మీద ఒక్కటీ నిలబడలేదు. కానీ ఏ పిల్లా ఏడవలేదు. రాయడం కాగానే చెంప తడిమి, పెద్ద చదువు చదవల్ల నువ్వు అని పంపేవాడు. ఒక పిల్లవాడు లేచిపోకుండా అతని ఒళ్ళోనే కూర్చున్నాడు. వాణ్ణి అలాగే ఉంచుకుని మిగిలినవాళ్ళకు దిద్దించాడు. నా చేతులు నా మోకాళ్ళ మీద ఉన్నాయి. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు.

అప్పుడు ఒక అవ్వ మనవరాలి రెక్క పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. "ఆడ వరస ఎక్కువుండాది. నేను మేకలిప్పల్ల. నువ్వే రాయించు సామీ," అంది.

కారణం ఏదైనా కానీ, ఆ పిల్ల చెయ్యి నా చేతిలోకి వచ్చింది. చిన్న చెయ్యి, వెచ్చగా ఉంది. తొందరపడకుండా గీత మీద నిలబెట్టి, గుండ్రంగా, పూర్తిగా ఒక 'అ' రాయించాను. చాలా మంచి అక్షరం వచ్చింది. ఎన్నో వేల కాగితాలు రాశాను గానీ అంత ఇష్టంగా ఒక అక్షరం రాసింది లేదు. పలక ఎత్తి అవ్వకు చూపించాను. అవ్వ పలకను చూడలేదు. అతని వైపు చూస్తోంది. అక్కడ వరస తగ్గి ఇద్దరే ఉన్నారు.

"ఎందుకైనా మంచిది, ఆయప్పతో కూడా ఒకసారి తిప్పిస్తే పోలా," అంటూ పలకతో సహా పిల్లను అటు తీసుకుపోయింది.

అతను పలక చూసి, "ఇంత బాగుంటే ఇంక నేనేం రాయించేది?" అన్నాడు. అవ్వ ఊరుకోలేదు. పిల్ల చెయ్యి పట్టుకుని నా అక్షరం మీదనే మూడుసార్లు దిద్దించాడు. అక్షరం లావై, కింద వంకర తిరిగి, నాదో అతనిదో తెలియకుండా పోయింది. అవ్వ తృప్తిగా మేకల దగ్గరికి పోయింది.

మధ్యాహ్నం వాళ్ళింట్లో భోజనానికి రమ్మని అతను పట్టుబట్టాడు. బస్సుకు వేళవుతోందని అబద్ధం చెప్పి వచ్చేశాను. దారి పొడుగునా ఒకే ఆలోచన. నా దగ్గర ఉన్నదంతా కష్టపడి సంపాదించుకున్నది. ఎక్కాలు, చేతిరాత, ఉద్యోగం, అన్నీ. అతని దగ్గర ఉన్నది అతనికి ఊరికే వచ్చింది. ఊరు దాన్ని తెచ్చి అతని చేతిలో పెట్టింది. దాన్ని నేను ఏ పరీక్ష రాసి తెచ్చుకోను?

ఆ సాయంకాలం డైరీ తీసి 'చేసిన పని' ఎదురుగా ఇలా రాశాను: 'ప్రాథమిక పాఠశాలలో పదకొండుగురు బాలబాలికలకు అక్షరాభ్యాసము.' ఎవరు చేయించారో రాయలేదు. నా డైరీలో నేను చేసిన పని అన్న శీర్షిక కింద రాస్తే ఎవరు చేసినట్టో వేరే చెప్పనక్కరలేదు. ఆఫీసు భాషలో ఆ సౌకర్యం ఉంది. అంతవరకు నా డైరీల్లో చిన్న తప్పులు ఉంటే ఉండవచ్చు గానీ, తెలిసి రాసిన అబద్ధం అదే మొదటిది.

అది అక్కడితో ఆగి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. మూడు వారాల తరువాత టీచరమ్మ మళ్ళీ ఉత్తరం రాసింది. ఆ రోజు విశేషాలు నా చేతిరాతతో ఒక పేజీ రాసిస్తే బడి రికార్డు పుస్తకంలో అతికిస్తాననీ, కింద చైర్మన్ గారి సంతకం ఉంటుందనీ, ముందు ముందు పిల్లలు చూసుకుంటారనీ అంది. నేను డైరీ తెరిచి, ఆ వాక్యాన్నే కొంచెం పెంచి, మంచి కాగితం మీద సాపు రాశాను. 'ఈ పాఠశాల పూర్వ విద్యార్థి, విశ్రాంత డిప్యూటీ తహసీల్దారు గారిచే పదకొండుగురు చిన్నారులకు అక్షరాభ్యాసము జరిగినది. విద్యా కమిటీ చైర్మన్ పాల్గొనినారు.' పోస్టులో పంపవచ్చు. కానీ నేనే తీసుకుపోయాను. అతను దాని కింద సంతకం పెట్టడం నా కళ్ళతో చూడాలని ఉంది.

నేను పోయిన రోజుకు రెండు రోజుల ముందు వాన పడింది. దారి పొడుగునా చేలలో ఎద్దులూ గొర్రులూ కదులుతున్నాయి. టీచరమ్మ కాగితం తీసుకుని చదివింది. ఒక చోట ఆమె కళ్ళు ఆగి, మళ్ళీ ఆ వరుస మొదటికి పోయాయి. ఆ రోజు జరిగిందంతా ఆమె కళ్ళముందే జరిగింది. అయినా పెద్దవాణ్ణి అన్న గౌరవం కొద్దీ నా ముఖం వైపు చూడకుండా, చాలా బాగుంది సార్, చైర్మన్ గారి సంతకం తీసుకోండి అని కాగితం తిరిగిచ్చి క్లాసులోకి పోయింది.

కబురు అందుకుని అతను చేని నుంచి బురద కాళ్ళతో వచ్చాడు. అరుగు మీద నా పక్కన కూర్చుని తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. అద్దాలు తేలేదనీ, చదివి వినిపించమనీ అన్నాడు.

చదివాను. ఆ వాక్యం వచ్చినప్పుడు గొంతు తగ్గించలేదు, ఆపలేదు. అంతవరకు నాకు ధైర్యం ఉంది. నిజం చెప్పాలంటే అతను అడ్డుపడాలని కూడా అనుకున్నాను. ఇదేందప్పా, రాయించింది నేను కదా అని అతను ఒక్క మాట అంటే, అతనికీ అది కావాలని తెలుస్తుంది. అప్పుడు ఇద్దరం సమానం అవుతాం. అతను శ్రద్ధగా, తల ఊపుతూ, చివరిదాకా విన్నాడు.

"బాగా రాసినావప్పా. సంతకం యాడ పెట్టల్ల?" అని పెన్ను కోసం చెయ్యి చాచాడు.

నేను పెన్ను ఇవ్వలేదు. "ఇందులో ఒక తప్పుంది," అన్నాను. "పదకొండు మందికీ నేను రాయించలేదు."

"తెలుసులేప్పా, నేను ఆడనే ఉంటి కదా. పోనీ, ఎవరు చూస్తారు? ఆఫీసరు రాయించినాడంటే పిల్లోళ్ళకూ గొప్పే. ఉంచుకో."

ఉంచుకో అన్నాడు. చేతిలో ఉన్న బొరుగులు పక్కవాడికి పెట్టినట్టు అన్నాడు. నేను నెల రోజులు కడుపులో పెట్టుకుని, డైరీని చెడగొట్టుకుని తెచ్చుకున్నది అతనికి అసలు లెక్కలోనే లేదు. అది అతని దగ్గర నుంచి దొంగిలించానని అనుకున్నాను. దొంగిలించినా పోనిది అతని దగ్గర ఉంది. ఆ కాగితం బడి పుస్తకంలోకి పోతే అది నా అబద్ధంగా కాక అతని దయగా పోతుంది. ఆ రెండింటిలో నాకు రెండోదే భరించరానిదయింది. మంచితనం వల్ల ఆ కాగితం వెనక్కి తీసుకున్నానని ఎవరైనా అనుకుంటారేమో. కాదు.

తిరగరాయాలి, కొంచెం కూర్చో అని అతనితో చెప్పాను. టీచరమ్మను అడిగి తెల్లకాగితం తెచ్చుకుని, రిజిస్టరు ఒళ్ళో పెట్టుకుని మొదలుపెట్టాను. నాలుగు వరుసలు కాకముందే ఒకావిడ చీర చెంగు నడుముకు చెక్కుకుని గేటు దగ్గరి నుంచే కేకేసింది. "ఓ చైర్మనప్పా, ఎద్దులు నిలబడుండాయి, నేల పదును పోతాది. ఆ సారుతో మాటలు మళ్ళా మాట్లాడుకోవచ్చు, రా."

అతను లేచాడు. వచ్చి పెడతానని నాకు చెప్పి, ఆమె వెనకాల చేల వైపు నడిచాడు.

నేను రాయడం పూర్తి చేశాను. 'పది మంది చిన్నారులకు విద్యా కమిటీ చైర్మన్ గారు అక్షరాభ్యాసము చేయించినారు. ఒక బాలికకు మొదట పూర్వ విద్యార్థి, పిదప చైర్మన్ గారు చేయించినారు.' ఆ చివరి వాక్యం అవసరం లేదు. అయినా రాశాను. అసూయ పోయిందని ఇక్కడ రాస్తే అది రెండో అబద్ధమవుతుంది. డైరీలోని వాక్యం పక్కన ఆ రాత్రే ఎర్ర సిరాతో సవరణ వేసి, తేదీ వేసి, సంతకం చేశాను.

బడి అరుగు మీద కాగితం ఆరింది. అతను రాలేదు. నేను ఎక్కవలసిన మధ్యాహ్నం బస్సు నల్లమాడ దాటిపోయే వేళ కూడా అయింది. లోపల పిల్లలు గట్టిగా చదువుతున్నారు. అరుగు మీద కూర్చుంటే వంక అవతలి చేను కనిపిస్తుంది. అక్కడ నలుగురైదుగురు ఆడవాళ్ళు గట్టున నిలబడి ఉన్నారు. అతను ఎద్దుల ముందు వంగి మట్టిని ముట్టుకుని, గింజలు వేసి, నాలుగడుగులు నడిచాడు. ఆ పని రెండు నిమిషాల్లో అయిపోయింది. కానీ అక్కడి నుంచి ఇంకో చేనివాళ్ళు పిలిచారు, అక్కడికి పోయాడు. ఆ తరువాత మూడో చేనికి.

నేను కాచుకుని కూర్చున్నాను. గంటన్నర పైన పట్టింది. వచ్చాక నీళ్ళు తాగి, నా పక్కన కూర్చుని, ఒక్కో అక్షరం దగ్గర ఆగి ఆగి సంతకం పెట్టాడు. కాగితంలో ఏం మార్చానో చదివి వినిపించడానికి నేను అద్దాలు పెట్టుకునే ఉన్నాను. అతను అడగలేదు.